నాన్న పార, తుప్పు కత్తెర: గుజరీకి వేయాలా, బాగు చేసుకోవాలా?

సుజాత_మిద్దెతోట | శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మదనపల్లెలో మా ఇల్లు ఖాళీ చేస్తూ, నాన్న వాడిన తోట సామాన్లన్నీ ఒక గోనెసంచిలో కట్టి బెంగళూరు తెచ్చేశాను. బస్సులో సంచికి కూడా టికెట్టు కొట్టారు, అది వేరే సంగతి.

మాది మారతహళ్ళిలో మూడో అంతస్తు మీద మిద్దె. కుండీలు 40 దాకా ఉన్నాయి, సిమెంటు మడులు రెండు. సంచిలో ఉన్నవి ఇవి: పార ఒకటి, ఇనుము దిట్టంగానే ఉంది కానీ కామ (కట్టె పిడి) వదులై ఊపితే తల గిరగిరా తిరుగుతోంది. గడ్డి చెక్కే దోకుడుపార, అంచు అరిగి చంద్రవంక అయిపోయింది. కొమ్మలు కత్తిరించే కత్తెర తుప్పుతో బిగుసుకుపోయింది, స్ప్రింగు ఎక్కడో ఊడిపోయింది. కొడవళ్ళు రెండు. గడ్డపార ఒకటి, దానికి ఏ రోగమూ లేదు. ఇవి కాక నేను ఇక్కడే కొన్న 2 లీటర్ల స్ప్రేయరు, ఎంత కొట్టినా గాలి నిలవట్లేదు. మధ్యలో చీలిన నీళ్ళ పైపు.

మా ఆయన "గుజరీకి వేసెయ్, కిలో లెక్కన తీసుకుంటారు" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. అలాగని 200 రూపాయల వస్తువు మీద 600 పెట్టే ఉద్దేశమూ లేదు. ఏది బాగవుతుంది, ఏది కాదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

కిరణ్_గుంటూరు | శనివారం ఉదయం 8:15

సుజాత గారూ, ఆన్‌లైన్‌లో 5 సామాన్ల సెట్టు 499కి వస్తోందండి. ఎర్ర పిడులు, సంచి ఉచితం. నేను మొన్ననే తెప్పించాను. తుప్పు గీకుతూ కూర్చుంటే మీ ఆదివారాలు ఎన్ని పోతాయో లెక్కేసుకోండి. నాన్నగారి గుర్తుగా గడ్డపార ఉంచుకోండి, మిగతావి పంపించెయ్యండి.

ఆకురాయి | శనివారం ఉదయం 9:05

31 ఏళ్ళు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాను. ఇప్పుడు రామమూర్తినగర్‌లో మనవడికి సైకిలు పంక్చర్లు వేస్తున్నాను. కాబట్టి టైము బోలెడు ఉంది, కొంచెం వివరంగా చెబుతాను.

కిరణ్ బాబూ, ఆ 499 సెట్టులో ఉన్నది రేకు నొక్కి చేసిన సరుకు. కుండీలో కొబ్బరిపీచు కదపడానికి సరే. బెంగళూరు ఎర్రమట్టి ఏప్రిల్‌లో ఎండినాక ఒకసారి గుచ్చి చూడు.

సుజాతమ్మా, ముందు ఏది బతికుందో చూడాలి. పార తలని కామ నుంచి తీసి, తాడుతో వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టు. గంటలా మోగితే లోపల పగులు లేదు. డొక్కు చప్పుడు వస్తే ఎక్కడో చీలిక ఉన్నట్టే. తుప్పుని స్క్రూడ్రైవరు మొనతో గుచ్చు. పైపైన పొడి రాలితే భయం లేదు. అప్పడంలా పొరలు పొరలుగా లేచి, కింద ఇనుము పల్చబడి కనిపిస్తే దాన్ని గుజరీకే ఇవ్వు, బాధపడకు. పాత పారలూ కొడవళ్ళూ చాలావరకు కొలిమిలో కాల్చి కొట్టినవి. తుప్పు పైనే ఉంటుంది, లోపల ప్రాణం ఉంటుంది. చింత చచ్చినా పులుపు చావదంటారే, అట్లా.

బాలు_హిందూపురం | శనివారం ఉదయం 9:30

సుజాతక్కా, పార కామకి అంత ఆలోచన ఎందుకు. రాత్రి బకీట్లో నానేసి పెట్టు. పొద్దునకి కట్టె ఉబ్బి గట్టిగా కర్సుకుంటాది. మా జేజినాయన దినామూ కాలవలో పార ఏసి, బీడీ కాల్చుకోని, ఆ తర్వాతే పనికి దిగుతాండె. రూపాయి ఖర్చు లేదు.

ఆకురాయి | శనివారం ఉదయం 9:52

బాలూ, నీ మాటలోనే జవాబుంది. దినామూ ఎందుకు నానేశాడయ్యా మీ జేజినాయన? ఒకసారి నానేస్తే సరిపోలేదు కాబట్టి.

కట్టె నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సరే. చుట్టూ ఇనుము ఉంది, అది జరగదు. అప్పుడు కట్టె తనని తానే నొక్కుకుని లోపల నారలు నలుగుతాయి. మళ్ళీ ఎండినప్పుడు మునుపటి కన్నా సన్నబడుతుంది. ప్రతిసారీ ఇంకొంచెం వదులు. పొలంలో అయితే కాలవ పక్కనే ఉంది, పొద్దంతా తడిలోనే పని, కాబట్టి నడిచింది. మిద్దె మీద ఎండకి సాయంత్రానికే ఊడి కాలి మీద పడుతుంది.

బాలు_హిందూపురం | శనివారం ఉదయం 10:10

మా జేజినాయన పార 20 ఏండ్లు పన్జేసింది సామీ. కాలి మీద ఎప్పుడూ పళ్ళేదు.

ఆకురాయి | శనివారం ఉదయం 10:14

పార 20 ఏళ్ళు. కామలు ఎన్ని మార్చాడో అడుగు.

బాలు_హిందూపురం | శనివారం ఉదయం 11:40

మా నాయనకి ఫోన్ చేసి అడిగినా. "ఏటా సంక్రాంతికి ఒగటి" అన్న్యాడు. సరే, నేనేం మాట్లాడను.

పద్మ_జయనగర్ | శనివారం మధ్యాహ్నం 12:20

బాలు గారూ, ఒప్పుకున్నందుకు మీకు ఒక ప్లేటు తట్టె ఇడ్లీ నా తరఫున.

సుజాత గారు కొత్త కామ కొనడానికి వెళ్తే ఒక జాగ్రత్త. నేను పుట్టింది ఇక్కడే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చి, "పార తీసుకురా" అన్నారు. నేను హార్డ్‌వేర్ కొట్లో "హారె కొడి" అన్నాను. తెలుగు పకారం కన్నడంలో హకారం అవుతుంది కదా, పాలు హాలు అయినట్టు, అని నా తెలివి. వాడు అయిదడుగుల గడ్డపార చేతిలో పెట్టాడు. కన్నడంలో హారె అంటే గడ్డపార. మన పారని గుద్దలి అనాలి. మట్టి ఎత్తిపోసే చదును పార అయితే సనికె. కొడవలిని కుడుగోలు అంటారు. సాన పట్టించాలంటే "సాణె హిడిసబేకు" అనండి, సైకిలు మీద రాయి తిప్పుకుంటూ వచ్చేవాళ్ళు ఆగుతారు. మా వీధిలోకి నెలకొకసారైనా వస్తారు.

కామ కట్టె కొట్టులో దొరుకుతుంది. నీలగిరి కట్టె ఇస్తే వద్దనండి, ఎండేకొద్దీ మెలికపడి నిలువునా చీలుతుంది.

ఆకురాయి | శనివారం మధ్యాహ్నం 1:05

పద్మమ్మ చెప్పింది నిజం. తుమ్మ దొరికితే తుమ్మే. దెబ్బని తట్టుకుంటుంది, చేతికి అదురు రానివ్వదు. జామ కొమ్మ, చింత కొమ్మ కూడా బ్రహ్మాండంగా ఉంటాయి. వీధిలో చెట్లు నరికినప్పుడు అడిగి తెచ్చుకోవచ్చు. కానీ పచ్చి కొమ్మని అలాగే బిగించకూడదు. రెండు కొసలకీ పాత పెయింటో కరిగిన మైనమో పూసి నీడలో కొన్ని నెలలు ఆరనివ్వాలి. కొసలు మూయకపోతే అక్కణ్ణించే తడి గబగబా పోయి పగుళ్ళిస్తుంది.

బిగించడం ఎట్లాగంటే, కామ పైకొసలో రంపంతో ఒక గాటు, కన్నం లోతులో మూడింట రెండొంతులు. కామని కన్నంలో దూర్చి, తలని కిందికి వేలాడేలా పట్టుకుని, కామ అడుగుభాగం మీద చెక్క సుత్తితో కొట్టు. చాలామంది తలని నేలకేసి కొడతారు, అవసరం లేదు. తల బరువుకి అది ఉన్నచోటే ఉంటుంది, కామ దానిలోకి దిగుతుంది, చూస్తుంటే తలే కట్టె మీదికి పాకుతున్నట్టు ఉంటుంది. ఇక దిగనన్నప్పుడు గాటులో ఎండిన తుమ్మ చీల పెట్టి దించాలి. మిగిలింది కోసెయ్.

అయితే ఇది గొడ్డలి, సుత్తి, మామూలు పార సంగతి. పికాసికి చీల అక్కర్లేదు. దాని కామ ఒక కొస లావుగా ఉంటుంది. సన్న కొసని పైనుంచి కన్నంలోకి జారవిడిస్తే, కొట్టేకొద్దీ తలే బిగుసుకుంటుంది. అది కనిపెట్టినవాడికి దండం పెట్టాలి.

కిరణ్_గుంటూరు | శనివారం మధ్యాహ్నం 1:30

ఒక్క కామకి ఇంత కథా! నేను బిర్యానీ తిని పడుకుంటున్నాను.

రవి_నల్గొండ | శనివారం సాయంత్రం 6:45

అక్కా, కత్తెర తుప్పుకి ఎమెరీ పేపర్ పట్టుకొని గీకుడు ఎందుకు. కరెంటుతోని తీస్తే చేతికి నొప్పే ఉండదు. నేను మా బాల్కనీల చేసిన, మంచిగ వచ్చింది.

ప్లాస్టిక్ టబ్బుల నీళ్ళు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా. తుప్పు పట్టిన సామానుకు 12 వోల్టుల చార్జర్ మైనస్ వైరు. ప్లస్ వైరుకు పనికిరాని ఇనుప చువ్వ ఒకటి. రెండూ ఒకదానికొకటి తాకొద్దు. రెండు మూడు గంటల్ల తుప్పంత మెత్తగ నల్లగ అయితది, బ్రష్షుతోని రుద్దితే పోతది. ఇనుము అసలు అరగదు, అదే దీని గొప్ప.

రెండు ముచ్చట్లు మాత్రం మర్చిపోవద్దు. ప్లస్‌కు స్టీలు గరిటె, స్టీలు గ్లాసు పెట్టొద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్ల క్రోమియం ఉంటది, అది విషపు రూపంల నీళ్ళల్ల కలుస్తది. ఇంకోటి, హైడ్రోజన్ బుడగలు వస్తయి, మూసిన బాత్రూంల చేయొద్దు. పక్కన అగర్‌బత్తి కూడ వద్దు. సామాను ముట్టుకునే ముందు ప్లగ్గు తీయాలె.

సుజాత_మిద్దెతోట | శనివారం రాత్రి 9:10

రవీ, కరెంటంటే నాకు భయం తమ్ముడూ. వినెగర్‌తో అవుతుందని ఎక్కడో చదివాను. పొద్దున్నే మొదలుపెడతాను.

ఆకురాయి | శనివారం రాత్రి 9:25

వినెగర్ మంచిదే. ఒక రాత్రి చాలు. మధ్యలో తీసి చూస్తూ ఉండు. ఇంకా చవక కావాలంటే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, లీటరు నీళ్ళకి 50 గ్రాములు. కిరాణా కొట్టులోనే దొరుకుతుంది. తీశాక మంచినీళ్ళతో కడిగి, తినే సోడా కలిపిన నీళ్ళలో ముంచి, వెంటనే తుడిచి, వెంటనే నూనె రాయాలి. తడి ఇనుము కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది. కాఫీ తాగి వచ్చి తుడుస్తానంటే కుదరదు.

సుజాత_మిద్దెతోట | గురువారం రాత్రి 8:30

నవ్వకండి.

ఆదివారం పొద్దున పార తల, కొడవళ్ళు, కత్తెర అన్నీ వినెగర్‌లో వేశాను. ప్లాస్టిక్ టబ్బు చిన్నదైంది. పారకి మా ఇనుప బకెట్టు తీశాను, అదే, తెల్లగా మెరిసే జింకు పూత బకెట్టు. వేయగానే బుసబుసా బుడగలు. "అబ్బ, ఎంత బాగా పనిచేస్తోందో" అని వీడియో కూడా తీశాను. సాయంత్రానికి మా ఆడపడుచు ఫోను, తిరుపతి దర్శనం టికెట్లు ఉన్నాయి, రాత్రికే బయలుదేరాలి అని. వెళ్ళిపోయాం. తిరిగొచ్చింది ఇవాళ మధ్యాహ్నం.

పార మీద తుప్పు సగం అలాగే ఉంది. బకెట్టు మాత్రం లోపల పూతంతా పోయి బూడిదరంగులో తేలింది. టబ్బులో కత్తెర నల్లగా, వేలితో రాస్తే గరుగ్గా, మశూచి మచ్చల్లా గుంటలు. కొడవళ్ళు బాగానే వచ్చాయి, అవి మందంగా ఉన్నాయి. శ్రీనివాసుడి దర్శనం బాగా అయింది, అంతవరకే సంతోషం.

బాలు_హిందూపురం | గురువారం రాత్రి 8:41

అక్కా, నవ్వలేదు అని చెప్పలేను.

ఆకురాయి | గురువారం రాత్రి 9:00

బుడగలు తుప్పువి కావమ్మా, బకెట్టు పూతవి. పులుపు తగిలితే జింకు ఇనుము కన్నా ముందు కరుగుతుంది. వినెగర్ బలమంతా బకెట్టుకే ఖర్చయిపోయింది, పార దాకా మిగల్లేదు. ఆ నీళ్ళు కుండీల్లో పోయకు. బకెట్టు మట్టి మొయ్యడానికి పనికొస్తుంది, లోపల ఒక కోటు పెయింటు వేసెయ్.

కత్తెర ఫోటో పెట్టు. కోసే అంచు ఒక్కటీ బాగుంటే బతికించవచ్చు. పలకల మీద గుంటలుంటే ఏం కాదు.

లత_శ్రీకాళహస్తి | శుక్రవారం ఉదయం 6:50

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. మాది కలంకారీ ఇల్లు. నల్లరంగు కోసం మేము తుప్పు ఇనుము ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతాం. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీళ్ళతో కలం పెట్టి గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు అది.

అదే పనిని నేను తిరగేసి తోట సామాన్ల మీద చేస్తాను. తుప్పు చాలావరకు తీసేశాక, గుప్పెడు కరక్కాయ పొడి నీళ్ళలో మరగకాచి, చల్లార్చి, బ్రష్షుతో ఇనుము మీద రాస్తాను. సందుల్లో మిగిలిన తుప్పు నీలినలుపుగా మారి అంటుకుపోతుంది. ఆపైన నూనె రాస్తాను. తుప్పు మళ్ళీ రాదని కాదు, ఆలస్యంగా వస్తుంది. చేతులకి మాత్రం తొడుగులు వేసుకోండి, రెండు రోజులు నల్లగోళ్ళతో ఆఫీసుకి వెళ్ళాల్సి వస్తుంది. కరక్కాయ లేకపోతే చిక్కటి టీ డికాషన్ కూడా కొంతవరకు పనిచేస్తుంది.

రవి_నల్గొండ | శుక్రవారం ఉదయం 7:30

లతక్కా, ఇది సూపర్ ముచ్చట. రేపే చేస్త.

ఆకురాయి | శుక్రవారం ఉదయం 10:20

ఇన్నేళ్ళ సర్వీసులో ఈ కరక్కాయ సంగతి నాకు తెలీదు. నేర్చుకున్నాను తల్లీ.

సుజాతమ్మ కత్తెర ఫోటో చూశాను. బతుకుతుంది. మధ్య నట్టు విప్పి రెండు ముక్కలూ వేరు చెయ్యి. అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ కోసే రకం. ఏటవాలుగా చెక్కిన వైపు మాత్రమే పదును పెట్టాలి. రెండో వైపు చదునుగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. అటు కూడా ఏటవాలు చేస్తే రెండు బ్లేడుల మధ్య సందు పడి కొమ్మ కోయదు, నములుతుంది. చివర్లో చదును వైపు సానరాయి మీద పరుండబెట్టి ఒక్కసారి లాగు, అంచున లేచిన పొట్టు పోవడానికి. అంతే.

కోణం 20 నుంచి 25 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. కాగితం మూల 90 డిగ్రీలు. మూలని సగానికి మడిస్తే 45, మళ్ళీ మడిస్తే 22న్నర. ఆ మడత పక్కన పెట్టుకుని చూసుకుంటూ రుద్దు. పారకీ దోకుడుపారకీ అంత సన్నపదును వద్దు, రాయి తగిలి అంచు చిట్లుతుంది. 35 దాకా ఉండనీ.

ఇక ఆకురాయి, అదే ఫైలు, పట్టే పద్ధతి. పేరు పెట్టుకున్నాను కాబట్టి చెప్పక తప్పదు. ఆకురాయి ముందుకి తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. అటూ ఇటూ రంపంలా రుద్దితే పళ్ళు నెలకే మొండివైపోతాయి. రుద్దేముందు దాని మీద సుద్దముక్క రాస్తే ఇనుపపొడి పళ్ళలో ఇరుక్కోదు. 10 అంగుళాల చదునుది, సెకండ్ కట్ అని అడుగు, అంటే మధ్యరకం గరుకుది. ఎస్.జె.పి. రోడ్డులో ఏ టూల్స్ కొట్టులోనైనా ఇస్తారు. ఆకురాయి కరవకుండా జారిపోతుంటే ఆ ఉక్కు దానికన్నా గట్టిది అన్నమాట, అప్పుడు సానరాయే గతి.

గ్రైండరు మాత్రం పట్టకు. అంచు నీలిరంగు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటినట్టే, ఉక్కులో గట్టిదనం పోయింది. ఆ తర్వాత ఎంత సాన పట్టినా వారం నిలవదు. సైకిలు సాన అబ్బాయి రాయి నెమ్మదిగా తిరుగుతుంది, వాడికి ఇవ్వడమే నయం.

కిరణ్_గుంటూరు | శుక్రవారం మధ్యాహ్నం 2:15

ఈ సానలూ మడతలూ చదువుతుంటే నిజం చెప్పాలనిపిస్తోంది. నా 499 సెట్టులో చేతి పార నిన్న మెడ దగ్గర వంగింది. మట్టి కూడా కాదు, ఇటుక పెళ్ళ తగిలింది. సరిచేద్దామని ఇటు వంచితే విరిగింది. సంచి మాత్రం బాగుంది.

పద్మ_జయనగర్ | శుక్రవారం మధ్యాహ్నం 2:40

ఆ సంచిలో ఉల్లిపాయలు పోసుకోండి.

సుజాత_మిద్దెతోట | శుక్రవారం రాత్రి 9:30

కత్తెర విప్పాను. రేపు ఆకురాయి కొంటాను. మరి నూనె ఏది రాయాలి? ఇంట్లో కొబ్బరినూనె ఉంది. మా వాచ్‌మన్ బండి మెకానిక్ దగ్గర పాత ఇంజనాయిలు ఉచితంగా తెస్తానంటున్నాడు. ఒక డబ్బాలో ఇసుక పోసి అది కలిపి పారలు గుచ్చి పెడితే తుప్పు రాదట.

ఆకురాయి | శుక్రవారం రాత్రి 10:05

ఇసుక డబ్బా పద్ధతి మంచిదే, ఇంజనాయిలు వద్దు. ఇంజనులో కాలిన నూనెలో లోహాల పొడీ, మసిలో ఉండే విషాలూ చేరి ఉంటాయి. ఆ పారతోనే కొత్తిమీర మడి తవ్వుతావు కదమ్మా.

కొబ్బరినూనె ఇనుము పలకలకి సరే, కత్తెర కీలుకి వద్దు. 24 డిగ్రీల లోపల పేరుకుంటుంది. మన ఊళ్ళో డిసెంబరు పొద్దున బాత్రూములో నూనెసీసా ఎట్లా ఉంటుందో తెలుసుగా. కత్తెర కూడా అట్లాగే బిగుసుకుంటుంది. కీలుకి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు.

బాలు_హిందూపురం | శుక్రవారం రాత్రి 10:30

ఆముదం ఉండగా వేరే నూనెలెందుకు సామీ. మా ఊర్లో ఎద్దుల బండి ఇరుసుకి కందెన అంటే ఎండుగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపిందే. చిక్కగా పట్టుకోని ఉంటాది, వానకి కూడా తొందరగా పోదు. పారలకి నేను ఆముదమే రాస్తా.

ఆకురాయి | శుక్రవారం రాత్రి 10:38

ఈ విషయంలో బాలుకే నా ఓటు.

కామకి మాత్రం వేరే నూనె. పెయింటు కొట్టులో డబుల్ బాయిల్డ్ లింసీడ్ అని అడుగు, అంటే అవిసె నూనే. కట్టెలోకి ఇంకి గట్టిపడుతుంది. వంటనూనె రాస్తే ఇంకదు, జిడ్డుగా దుమ్ము పడుతుంది. ఒకటి గుర్తుంచుకో, లింసీడ్ తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకు. ఆరుతూ ఆరుతూ దానికదే వేడెక్కి అంటుకుంటుంది. మా ఫ్యాక్టరీలో ఒకసారి చెత్తడబ్బా పొగలొచ్చి అందరం పరిగెత్తాం. విప్పి దండెం మీద పరిచి ఆరెయ్, లేదా నీళ్ళలో ముంచి పారెయ్.

నిర్వాహకుడు | శనివారం ఉదయం 8:00

ఈ లింసీడ్ గుడ్డల మాటని పైన పిన్ చేస్తున్నాను. మిగతా చర్చ కానివ్వండి.

పద్మ_జయనగర్ | శనివారం ఉదయం 9:15

స్ప్రేయరు సంగతి అందరూ మర్చిపోయారు. గాలి నిలవకపోతే నూటికి తొంభైపాళ్ళు లోపల పిస్టను చివర రబ్బరు రింగే. విప్పి ఆ రింగు పట్టుకుని పైపుల కొట్టుకి వెళ్ళండి, అదే కొలతది ఐదో పదో రూపాయలకి ఇస్తారు. దాని మీద వాజిలీన్ రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నీళ్ళ ఫిల్టరు బాగుచేసే అబ్బాయి దగ్గర సిలికాన్ గ్రీజు ఉంటుంది, వేలికొసంత అడిగితే ఇస్తాడు. పాత ఇత్తడి పిచికారీ అయితే తోలు వాషరు ఉంటుంది, దాన్ని ఆముదంలో ఒక రాత్రి నానబెడితే మళ్ళీ మెత్తబడుతుంది.

మూతి మూసుకుపోతే మీ వైపు బోరు నీళ్ళ సున్నమే కారణం అయ్యుంటుంది, ఆ మిగిలిన వినెగర్‌లో ఓ గంట వేయండి. ఒక్క గంట సుజాత గారూ, తిరుపతి వెళ్ళొచ్చేదాకా కాదు. వేపనూనె కొట్టినవాళ్ళయితే వేడి సబ్బునీళ్ళు.

పైపుకి చీలిన చోట కోసేసి, రెండు కొసలూ వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, లోపలికి పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క దూర్చి, పైన రెండు క్లిప్పులు. సన్నటి చీలికైతే పాత సైకిలు ట్యూబు పొడుగ్గా కోసి, సాగదీస్తూ చుట్టి, కొస లోపలికి దోపండి. మా ఇంట్లో అలా చుట్టింది మూడో ఏడు నడుస్తోంది.

సుజాత_మిద్దెతోట | సోమవారం రాత్రి 8:45

దోకుడుపారకి దారి దొరికింది. ఆదివారం హోసకోటె వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన గుడారం వేసుకుని కొలిమి పెట్టుకున్న కుటుంబం కనిపించింది. ఆయన ఇనుము తిప్పుతుంటే ఆవిడ సమ్మెట కొడుతోంది, పిల్ల కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పుతోంది. దోకుడుపార చూసి, "ఇది అరిగింది కాని మంచి ఇనుము" అన్నాడు హిందీలో. లారీ కమాను పట్టా ముక్క ఒకటి కోసి, అంచుకి కలిపి, ఎర్రగా కాల్చి సాగగొట్టి, నీళ్ళలో చుర్రుమనిపించి ఇచ్చాడు. 150 తీసుకున్నాడు. బేరం ఆడబోయి, ఆవిడ చేతులు చూసి మానేశాను.

కత్తెర పని పూర్తయింది. స్ప్రింగు 10 రూపాయలు. న్యూస్‌పేపరు సర్రుమని కోసింది. గులాబీ కొమ్మా కోసింది. కరివేపాకు మాను దగ్గర మొరాయించింది, అది నా దురాశ.

ఆకురాయి | సోమవారం రాత్రి 9:00

లారీ కమాను పట్టా స్ప్రింగు ఉక్కు. అది అంచుకి పడిందంటే ఇక చాలాకాలం దాని జోలికి పోనక్కర్లేదు. కత్తెర మొక్క మారినప్పుడల్లా స్పిరిట్ గుడ్డతో తుడువు, ఒక మొక్క తెగులు ఇంకోదానికి ఎక్కకుండా.

కిరణ్_గుంటూరు | సోమవారం రాత్రి 9:20

సుజాత గారూ, మొత్తం ఖర్చెంతైందో చెప్పండి. దాచకండి.

సుజాత_మిద్దెతోట | సోమవారం రాత్రి 9:48

తుమ్మ కామ 120, ఆకురాయి 260, నిమ్మ ఉప్పు 60, కొలిమి 150, స్ప్రింగు 10, రబ్బరు రింగూ క్లిప్పులూ 20. మొత్తం 620. లింసీడ్ ఇంకా కొనలేదు. వినెగర్, బకెట్టు లెక్కలో వెయ్యలేదు, అవి మీరు అడగలేదు కూడా.

కిరణ్_గుంటూరు | సోమవారం రాత్రి 9:52

620! నా సెట్టు 499. నేనే గెలిచాను.

బాలు_హిందూపురం | సోమవారం రాత్రి 9:55

నీ సెట్టులో ఇప్పుడు ఎన్ని మిగిలినాయి అన్నా?

కిరణ్_గుంటూరు | సోమవారం రాత్రి 10:01

నాలుగు. ఒకటి ఊగుతోంది.

పద్మ గారూ, చిక్కపేట దగ్గర ఆదివారం సంతలో పాత ఇనుప సామాన్లు దొరుకుతాయంటారు, నిజమేనా? ఊరికే అడుగుతున్నాను.

పద్మ_జయనగర్ | సోమవారం రాత్రి 10:15

ఊరికే అడిగినా చెబుతాను. తెల్లవారకముందే మొదలవుతుంది, 7 లోపల వెళ్తేనే మంచివి. పాత పార తలలు, కొడవళ్ళు గుట్టగా పోసి ఉంటారు. రంగు వేసినవి తీసుకోకండి, రంగు కింద ఏముందో తెలీదు. తుప్పు పట్టినవే తీసుకోండి.

ఆకురాయి | సోమవారం రాత్రి 10:20

జేబులో చిన్న సుత్తి పెట్టుకెళ్ళు. తట్టి చూసి కొను.

కిరణ్_గుంటూరు | సోమవారం రాత్రి 10:24

సుత్తి కూడా కొనాలా?

ఆకురాయి | సోమవారం రాత్రి 10:31

నా దగ్గర రెండున్నాయి. శనివారం సాయంత్రం వచ్చి ఒకటి పట్టుకెళ్ళు. కామ వదులుగా ఉంది, నువ్వే బిగించుకోవాలి.